కుట్టు కూలి తక్కువైతే ఎవరి చదువు ఆగుతుంది?

మీ రెజ్యూమెలో ‘స్కిల్స్’ అని ఒక కాలమ్ ఉంటుంది కదా. పైథాన్, ఎక్సెల్, కమ్యూనికేషన్ అని నింపేస్తాం. స్కిల్ ఉంటే జీతం దానంతట అదే వెంట వస్తుందని ప్లేస్‌మెంట్ ఆఫీసర్ చెబుతాడు, యూట్యూబ్‌లో మెంటార్లు చెబుతారు, ఇలాంటి కెరీర్ పేజీలు కూడా చెబుతాయి. ఆ మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ఒక సాయంత్రం ఫిల్మ్ నగర్ కొండ దిగి కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లోకి వెళ్లండి. పాత బ్లౌజు ఒక్కసారి చేత్తో తడిమి చూసి కొత్తది కత్తిరించే కటింగ్ మాస్టర్లుంటారు. బిగించిన బట్టకి రెండు వైపులా కూర్చుని, కింద నుంచి దారం లాగుతూ పైన పూస గుచ్చే మగ్గం పనివాళ్లుంటారు. వాళ్ల స్కిల్‌కి మీరూ నేనూ వంక పెట్టలేం. కూలి మాత్రం ముక్కకి ఇంత అని లెక్క. ఆ ‘ఇంత’ ఎంతన్నది వాళ్ల చేతుల్లో లేదు.

టెక్ బ్లాగు రాసుకునేవాడికి ఈ కుట్టు మిషన్ల గొడవేంటని అడగొచ్చు. బీటెక్ అయ్యాక ఉద్యోగం వెతుక్కునే రోజుల నుంచి నేను ఈ చుట్టుపక్కలే అద్దెకుంటున్నాను. మా సందులో నా పేరు చాలామందికి తెలియదు, ‘కంప్యూటర్ తమ్ముడు’ అంటే తెలుస్తుంది. ఎవరికైనా ఆన్‌లైన్ అప్లికేషన్ నింపాలంటే నా దగ్గరికే వస్తారు. ఇన్‌కమ్ సర్టిఫికెట్, ఈ-పాస్ స్కాలర్‌షిప్, ఆధార్‌లో ఇంటి పేరు తప్పు, ఇలాంటివి. ఫారం నింపేటప్పుడు మనుషులు మామూలుగా చెప్పని సంగతులు చెప్పాల్సి వస్తుంది. తల్లి వృత్తి: కుట్టు పని. వార్షికాదాయం: ఏం రాయాలో తెలియక మొహాలు చూసుకుంటారు. విద్యార్థి ప్రస్తుతం చదువుతున్న తరగతి: ఇక్కడ ఒక్కోసారి మాట ఆగిపోతుంది. ‘టెన్త్ అయిపోయింది తమ్ముడూ, ఈ ఏడాదికి ఇంట్లోనే ఉంటోంది, వచ్చే ఏడు చేర్పిద్దాం’ అంటారు. ఆ వచ్చే ఏడు ఎప్పుడొస్తుందో మీకూ తెలుసు.

ఆ పిల్ల ఇంట్లో ఊరికే ఉండదు. హెమ్మింగ్ చేస్తుంది, హుక్కులు కుడుతుంది, చీరలకి ఫాల్ వేస్తుంది. అంతకుముందు కూడా బడి నుంచి రాగానే చేసేదే. దీన్ని బాలకార్మికురాలు అనే పేరుతో ఎవరూ పిలవరు. ‘అమ్మకి సాయం’ అంటారు.

లెక్క కోసం ఒక ఊహ తీసుకుందాం. ఇది ఏ సర్వే అంకె కాదు, మీ సందులో రేటు వేరే ఉంటే ఆ అంకె పెట్టి మీరే చేసుకోండి. ముక్కకి 80 రూపాయలు. ఒక్కామె రోజుకి 7 ముక్కలు కుడుతుంది. అంటే 560. నెలలో 24 రోజులు పని దొరికితే 13,440. దారం, సూదులు, కరెంటు, మిషన్ రిపేరు అన్నీ కుట్టేవాళ్లవే, వాటికి 1,500 తీసేయండి. ఒక గది అద్దెకి 6,000 తీసేయండి. మిగిలింది 5,940. అందులో బియ్యం, గ్యాసు, మందులు, బస్సు, ఊళ్లో పెద్దవాళ్లకి పంపేది, పిల్లల చదువు.

ఇప్పుడు అదే ఇంట్లో 13 ఏళ్ల అమ్మాయి చేతి పని అందుకుంటే అమ్మ మిషన్ మీద నుంచి లేవక్కర్లేదు. 7 ముక్కలు 9 అవుతాయి. రోజుకి 160 ఎక్కువ, నెలకి 3,840. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే సినీ కార్మికుల పిల్లలకి కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే విద్యా సాయంలో ఇంటర్ విద్యార్థికి వచ్చేది ఏడాదికి 3,000 రూపాయలు. ఆ అమ్మాయి వేళ్లు ఒక్క నెలలో తెచ్చేదానికంటే ప్రభుత్వం ఏడాది మొత్తానికి ఇచ్చేది తక్కువ. ఇలాంటి చోట తల్లిదండ్రులకి ‘చదువు విలువ తెలియదు’ అని మనం అనేస్తాం. వాళ్లకి తెలుసు. నెలాఖరుకి ఇంటి ఓనర్ వస్తాడన్నది కూడా తెలుసు.

అదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడండి. అమ్మాయి సూది పట్టుకోకుండా, ముక్క రేటు 80 నుంచి 110 అయిందనుకోండి. 7 ముక్కలకి 770. అమ్మాయిని కూడా కూర్చోబెడితే వచ్చిన 720 కంటే 50 ఎక్కువ. ముక్కకి 30 రూపాయలు! బ్లౌజు ఒక్కటికి జూబ్లీహిల్స్ బొటిక్‌లో ఎంత బిల్లు వేస్తారో మీ అక్కనో వదిననో అడగండి. ఆ బిల్లులో 30 రూపాయలు ఎవరి కంటికీ కనిపించవు. కింద సందులో మాత్రం దాని మీద ఒకమ్మాయి ఇంటర్ ఆధారపడి ఉంటుంది.

ఇక చట్టం సంగతి. ఇది సినిమా వాళ్ల పేటలో చెప్పుకోవాల్సిన మాట. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా ఉండొచ్చు. కానీ 3వ సెక్షన్‌లో రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, బడి అయ్యాకో సెలవుల్లోనో ప్రమాదం లేని పనిలో కుటుంబానికి సాయం చేయడం. రెండోది, సినిమా, టీవీ లాంటి వాటిలో నటించడం. ఫిల్మ్ నగర్‌లో ఈ రెండు మినహాయింపులూ ఒకే వీధిలో ఎదురుపడతాయి. షూటింగ్‌కి వచ్చిన చైల్డ్ ఆర్టిస్టు ఒకరు, ఆ పిల్ల వేసుకున్న గౌనుకి పూసలు కుట్టిన పిల్ల ఇంకొకరు.

చైల్డ్ ఆర్టిస్టుకి నిబంధనలు బాగానే రాశారు. రోజుకి 5 గంటలకి మించి పని వద్దు. విశ్రాంతి లేకుండా వరుసగా 3 గంటలు దాటొద్దు. వరుసగా 27 రోజులకి మించి వాడుకోవద్దు. జిల్లా కలెక్టర్ అనుమతి ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో ఆ పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఇవన్నీ అమలవుతున్నాయా అన్నది వేరే చర్చ, కనీసం కాగితం మీద ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది, నిర్మాత అని.

కుట్టే పిల్ల విషయంలో నిబంధన ఇంకా గట్టిదే నిజానికి. కుటుంబానికి డబ్బు తెచ్చే తయారీ, సరఫరా, అమ్మకం గొలుసులో ఏ దశలోనూ పిల్లల పని ఉండకూడదని 2017 నాటి నియమాలు చెబుతున్నాయి. బడి వేళల్లోనూ, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకానూ అసలు కుదరదు. అంటే బ్లౌజుకి హుక్కు కుట్టడం చట్టం చెప్పే ‘సాయం’ కిందికి రాదు, ఎందుకంటే ఆ బ్లౌజుకి డబ్బులొస్తాయి. మరి అడిగేదెవరు? లేబర్ ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీకి వెళ్తాడు, దుకాణానికి వెళ్తాడు. రాత్రి 9 గంటలకి ఒక గది ఇంట్లో తల్లి పక్కన కూర్చున్న పిల్ల దగ్గరికి ఎందుకెళ్తాడు? వెళ్లినా ఎవరి మీద కేసు రాస్తాడు, ఆ తల్లి మీదా? ముక్క పంపినవాడి పేరు ఆ ఇంట్లో ఏ కాగితం మీదా ఉండదు. రాష్ట్రంలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. పోలీసులు మంచి పనే చేస్తున్నారు, గాజుల కార్ఖానాల నుంచి, ఇటుక బట్టీల నుంచి పిల్లల్ని బయటికి తెస్తున్నారు. 2015లో పాతబస్తీ గాజుల తయారీ గదుల్లో బీహార్ పిల్లలు వందల్లో దొరికిన వార్త మీరు స్కూల్లో ఉన్నప్పుడు చదివే ఉంటారు. సొంత తల్లి పక్కన కూర్చున్న పిల్లని మాత్రం ఏ ఆపరేషనూ ‘రెస్క్యూ’ చేయలేదు, చేయకూడదు కూడా. అక్కడ రేటు ఒక్కటే పని చేస్తుంది.

2025 ఆగస్టు సమ్మె గుర్తుంది కదా? తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ 30 శాతం వేతనాలు పెంచాలని షూటింగులు ఆపేసింది. 4వ తేదీన మొదలై 21న ముగిసింది. చివరికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచే ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో సోషల్ మీడియాలో మనవాళ్ల కామెంట్లు ఎలా ఉన్నాయంటే, ‘హీరోలకి కోట్లు, వీళ్లకి ఇవ్వరా’ అని సగం మంది, ‘స్కిల్ లేనివాళ్లకి ఇంతెందుకు’ అని సగం మంది. ఫెడరేషన్ గొడుగు కింద 24 క్రాఫ్టులున్నాయి. కాస్ట్యూమర్లు వాటిలో ఒకరు. కార్డు ఉన్న కాస్ట్యూమర్‌కి ఆ ఒప్పందం వర్తిస్తుంది, సంతోషం. కానీ సినిమా బట్టల పని అంతా సెట్‌లో జరగదు. డ్యాన్సర్లకి ముప్పై జతలు రేపటికి కావాలంటే ముక్కలు బయటి సందుల్లోకి వస్తాయి. మగ్గం పని ఒకరికి, లైనింగ్ ఒకరికి, చేతి పని ఇంకొకరికి. ఆ ఆడవాళ్లకి కార్డు లేదు. యూనియన్ లేదు. 22.5 శాతంలో అర శాతం కూడా వాళ్ల గుమ్మం దాకా రాదు. ఒకామెని సమ్మె గురించి అడిగితే, ‘ఆ పద్దెనిమిది రోజులు మాకు ముక్కలు రాలేదు బాబూ, అదొక్కటే మాకు తెలిసింది’ అంది.

ఆ సమ్మెలో కార్మికులు అడిగినవాటిలో ఇంకోటి ఉంది, ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలని. అంతగా వార్తల్లోకి రాలేదు గానీ నా దృష్టిలో శాతం కంటే అదే పెద్ద విషయం. ముక్క పనిలో డబ్బు ఎప్పుడొస్తుందన్నది ఎంత వస్తుందన్న దానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. స్కూలు ఫీజుకి తేదీ ఉంటుంది. టెన్త్ పరీక్ష ఫీజుకి తేదీ ఉంటుంది, ఆలస్యమైతే పెనాల్టీ ఉంటుంది. ‘పార్టీ దగ్గర్నుంచి రాగానే ఇస్తాం’ అనే మాటకి తేదీ ఉండదు. మధ్యలో అప్పు వస్తుంది, ఆ అప్పు తీర్చడానికి ఎక్కువ ముక్కలు, ఎక్కువ ముక్కలకి ఎక్కువ చేతులు. మనం యూపీఐలో పది రూపాయల టీకి రెండు సెకన్లలో డబ్బు పంపే నగరం ఇది. కుట్టు కూలి మాత్రం నెల దాటాక కూడా ‘చెక్ రెడీ అవుతోంది’. టెక్నాలజీ లేక కాదు. అడిగే బలం లేక.

ఇక్కడ మీలో కొందరు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. పేదరికమే కారణమైతే అంతకంటే పేదవాళ్లు పిల్లల్ని చదివించలేదా? ఈ ప్రశ్నని మన రాష్ట్రంలోనే చాలా బలంగా వేసినవాళ్లున్నారు. ప్రొఫెసర్ శాంతా సిన్హా, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వాళ్లు మొదలుపెట్టిన పని దేశం మొత్తానికి పాఠమైంది. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి తొలి ఛైర్‌పర్సన్ అయ్యారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికులే, పేదరికం అనే సాకు చూపి వాళ్లని పనిలో ఉంచొద్దు అన్నది వాళ్ల వాదన. కూలి తల్లిదండ్రులే అవకాశం ఇస్తే పిల్లల్ని బడికి పంపుతారని పల్లె తర్వాత పల్లెలో చూపించారు. కూలి పెరిగేదాకా ఆగాల్సిన పని లేదని కూడా.

నేను దీన్ని గౌరవంగానే ఒప్పుకుంటాను. పదో తరగతి దాకా. ఎందుకంటే అక్కడిదాకా సర్కారు బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, 14 ఏళ్ల దాకా విద్యాహక్కు చట్టం ఉంది. పేరు రాయించి, రోజూ పంపితే పిల్ల ముందుకెళ్తుంది. నేను నింపిన ఫారాల్లో కథ ఆగేది ఆ తర్వాత. 14 దాటాక ప్రమాదకరం కాని పని చట్టం ప్రకారం నేరం కాదు. బడి మానేస్తే అడిగే హక్కు చట్టం కూడా లేదు. టెన్త్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంటర్, డిగ్రీ, ఏదో ఒక కోర్సు, ఇలా నాలుగైదేళ్లు ఇంటికి ఒక జత చేతులు తక్కువ. మగపిల్లాడైతే ఎలాగో లాక్కొస్తారు. ఆడపిల్ల విషయంలో ‘ఎలాగూ కుట్టడం వచ్చు కదా’ అనే మాట ఒకటి రెడీగా ఉంటుంది. అది ఆమెకి వచ్చిన స్కిల్. అదే ఆమెని ఆపేసింది. ఈ రెండో దశలో సామాజిక చైతన్యం ఒక్కటే సరిపోదు, డబ్బు లెక్క మారాలి.

దీనికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. మీలో చాలామందికి ఇది నేను చెప్పక్కర్లేదు, ఒరిజినల్స్ కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లే. 2025 నవంబర్‌లో బకాయిల మీద ప్రైవేటు కాలేజీలు బంద్‌కి కూడా దిగాయి. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య లెక్క తేలేదాకా జీతం వచ్చే ఇల్లు అయితే సొంతంగా కట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. ముక్క కూలి ఇల్లు ఆగిపోతుంది. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చి, మెమో లేక జాయిన్ కాలేని వాడి బాధ ఇంటర్వ్యూ టిప్స్‌తో తీరేది కాదు.

ఇది కృష్ణానగర్ గొడవ మాత్రమే అనుకోకండి. మన పక్కన ఈ గొలుసు ఎక్కడ తడిమినా ఇలాగే ఉంటుంది. 1990ల నుంచి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో పూలకి క్రాసింగ్ చేయడానికి చిన్న ఆడపిల్లల్నే పెట్టుకునేవాళ్లు, కూలి తక్కువ, వేళ్లు సన్నం అని. బట్ట అక్కడ మొదలవుతుంది. అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల అపారెల్ సిటీలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వేల సంఖ్యలో బస్సులెక్కి వెళ్లి లోదుస్తులు కుడతారు. బెంగళూరు ఫ్యాక్టరీల్లో అనంతపురం, హిందూపురం వైపు నుంచి వెళ్లినవాళ్లు ఎంతమందో. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోకుండా కొత్త రూల్ పెడితే ఆ గార్మెంట్ కార్మికులే, ఎక్కువగా ఆడవాళ్లు, బెంగళూరు రోడ్లని స్తంభింపజేశారు. కేంద్రం వెంటనే వెనక్కి తగ్గింది. ఆ పీఎఫ్ డబ్బు మీద అంత పట్టుదల ఎందుకంటే పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు, అప్పులు అన్నీ దాని మీదే. ప్రపంచవ్యాప్తంగా చూస్తే 2024 నాటికి ఇంకా 13.8 కోట్ల మంది పిల్లలు పనిలో ఉన్నారని ఐఎల్ఓ, యునిసెఫ్ లెక్క. 2025 కల్లా బాలకార్మికులే ఉండరని దేశాలన్నీ పెట్టుకున్న గడువు దాటిపోయింది.

రేటు పెంచితే పని సూరత్‌కో తిరుపూర్‌కో పోతుందనే వాదన వింటుంటాను. టీషర్టుల విషయంలో నిజం కావచ్చు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చాక చేతి పని రేట్లు పడిపోయిన మాటా నిజమే. కానీ రేపు ఉదయం ఆరు గంటల కాల్‌షీట్‌కి హీరోయిన్ బ్లౌజు భుజం దగ్గర అర అంగుళం లూజు చేయాలంటే సూరత్ ఎవరికి ఫోన్ చేస్తారు? ఆదివారం పెళ్లి, శుక్రవారం ట్రయల్. ఈ పని ఇక్కడే ఉండాలి, ఇక్కడే ఉంటుంది. ఇక్కడి బేరం అంతా ‘ఆమె కాకపోతే పక్కింటామె’ అన్న ధైర్యం మీద నడుస్తోంది.

మరి ఈ పేజీ చదివే మీకు దీంతో ఏం పని? చాలా ఉంది. మీరు కొనేవాళ్లుగా కంటే ఉద్యోగులుగా ఈ గొలుసులోకి రాబోతున్నారు. మాదాపూర్ నిఫ్ట్‌లో చదివి డిజైనర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరేవాళ్లు, ఎంబీఏ చేసి సోర్సింగ్‌లోకి వెళ్లేవాళ్లు, బీటెక్ చేసి ఫ్యాషన్ యాప్‌కి వెండర్ డ్యాష్‌బోర్డ్ కట్టేవాళ్లు. మీకు వచ్చే మొదటి టార్గెట్ ఏంటో తెలుసా? ‘వెండర్ కాస్ట్ తగ్గించు.’ స్క్రీన్ మీద అది ఒక కాలమ్. 80ని 72 చేస్తే మీ రివ్యూలో గ్రీన్ కలర్ వస్తుంది. పై లెక్కలో 72 అంటే ఆ ఇంట్లో నెలకి 1,344 తగ్గుదల. నేను మిమ్మల్ని ఉద్యోగం మానేయమనడం లేదు, అలాంటి సలహా ఇవ్వడం నాకు చేతకాదు, అద్దె నాకూ ఉంది. కానీ ఆ కాలమ్ పక్కన ఇంకో కాలమ్ పెట్టడం మీ చేతిలో ఉంటుంది: ముక్కకి పట్టే నిమిషాలు. రేటుని నిమిషాలతో భాగించి, రోజుకి 8 గంటలకి ఎంత వస్తుందో చూసి, దాన్ని కనీస వేతనంతో పోల్చి చూడండి. ముక్క పనికి వేరే రేటు నిర్ణయించని చోట, గంటల లెక్కన వచ్చే కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని 1948 కనీస వేతనాల చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఐదేళ్లకి మించకుండా వేతనాలు సమీక్షించాలనీ ఉంది. ఇంట్లో కూర్చుని కుట్టేవాళ్లని ‘ఉద్యోగి’ కాదు ‘వెండర్’ అని రాసుకుని దీన్ని దాటేస్తారు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ల కోసం ఐఎల్ఓ 1996లోనే 177వ ఒప్పందం తెచ్చింది, మన దేశం ఇంకా ఆమోదించలేదు.

సరే, వెండర్ అంటున్నారు కదా, అలాగే కానివ్వండి. వెండర్‌కి కూడా చట్టం ఉంది, దీని గురించి మా సందులో ఎవరికీ తెలియదు. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ సంస్థకి డబ్బు గరిష్ఠంగా 45 రోజుల్లో ఇవ్వాలి. దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. దీనికి తోడు గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చుని కొనుగోలుదారు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేని నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆడిటర్లు దీనికి భయపడతారు. కావాల్సింది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ఆధార్, పాన్, మొబైల్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితం. పది నిమిషాల పని. ‘ఏజెంటు రెండు వేలు అడిగాడు’ అని ఎవరైనా అంటే ఆపండి. ఒక్క మిషన్ ఉన్న ఇంటావిడకి 45 రోజుల గడువు రాసిన బిల్లు చేతికిస్తే రేపటి నుంచే అంతా మారిపోతుందని కాదు. బిల్లు ఇచ్చినందుకు పని ఆపేసేవాళ్లు కూడా ఉంటారు. నలుగురు కలిసి ఒకే పేరు మీద ఇస్తే ఆపడం కష్టం.

పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకి 500, పనిముట్లకి 15,000, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా రుణం. వాడుకోవాల్సిందే. అయితే ఇంటికి ఒక్కరికే. భార్యాభర్తలిద్దరూ కుట్టే ఇంట్లో ఒకరే దర్జీ. పైగా మిషన్ కొత్తదైతే ముక్కలు ఎక్కువవుతాయి, రేటు పెరగదు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డకీ తల్లి ఖాతాలో 13,000 పడుతున్నాయి, ఇంటర్ దాకా. పద్ధతి మీద ఎన్ని విమర్శలున్నా, పిల్ల చేతి పనికి ఎదురుగా పెట్టడానికి ఒక అంకె అయితే ఉంది. హైదరాబాద్‌లో ఉన్న తల్లికి అదీ లేదు.

2025 అక్టోబర్ చివర్లో యూసఫ్‌గూడలో సినీ కార్మికుల సభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఒక మాటిచ్చారు. కృష్ణానగర్ ప్రాంతంలో స్థలం చూస్తే సినీ కార్మికుల పిల్లల కోసం నర్సరీ నుంచి ఇంటర్ దాకా మంచి స్కూలు కట్టిస్తామని. జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకి సరిగ్గా రెండు వారాల ముందన్నది మీకు గుర్తుండే ఉంటుంది, అయినా మాట మాటే. ఆ స్కూలు రావాలి. ఇంటర్ దాకా అనడం కూడా నాకు నచ్చింది, కథ ఆగేది అక్కడే కాబట్టి. నాకున్న సందేహం అడ్మిషన్ ఫారం గురించి. ‘సినీ కార్మికులు’ అంటే యూనియన్ కార్డు ఉన్నవాళ్లేనా? కార్డు అడిగితే ముక్క పని చేసే ఇళ్ల పిల్లలు ఆ గేటు బయటే ఉంటారు. సినిమా బట్టలకి పూస కుట్టిన చెయ్యి సినిమా కార్మికురాలిదే అని ఫారం రూపొందించే రోజునే రాయించుకోవాలి, తర్వాత కుదరదు. ఫెడరేషన్ నాయకులు దీన్ని అడిగితే కార్డు లేని ఆడవాళ్లకి వాళ్ల మీద మొదటిసారి నమ్మకం కలుగుతుంది.

మీ ఇంటి పక్కన టెన్త్ అయి ఇంట్లో ఉన్న అమ్మాయి ఎవరైనా ఉంటే ఒక సంగతి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో చాలావాటిని ఇంటర్ దాకా పెంచారు, హాస్టల్ తిండితో సహా ఖర్చు ఉండదు. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ ఉంది, పని చేస్తూ రాయొచ్చు, కానీ నా అభిప్రాయంలో అది చివరి దారి. ఓపెన్‌లో చేరిన పిల్లకి ఇంట్లో ముక్కలు తగ్గవు. తండ్రికో తల్లికో సినీ కార్మికుల గుర్తింపు ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కార్మిక శాఖ సాయానికి పెట్టండి. ఇంటర్‌కి 3,000 అని తీసిపారేశాను గానీ డిగ్రీకి, పాలిటెక్నిక్‌కి 6,000, ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులకి 25,000 ఉంది. ఆదాయ పరిమితి చూసుకోండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ సీడింగ్ అయిందో లేదో ముందే చూడండి, నేను చూసినంతవరకు ఎక్కువ అప్లికేషన్లు ఆగిపోయేది అక్కడే. పోర్టల్ తెరిచిన మొదటి వారంలోనే కూర్చోబెట్టి నింపేయండి, సైట్ చివరి రోజుల్లో నత్తలా నడుస్తుంది.